అతికించిన ఆకు

పదో తరగతి ఇంగ్లీషు పరీక్ష నేను రెండుసార్లు తప్పాను. మూడోసారి రాసేలోపు పెళ్ళి కుదరడంతో బతుకు జీవుడా అనుకున్నాను. అలాంటి నన్ను తీసుకెళ్ళి, ఎవరూ వాడని ఇంగ్లీషు మాటలకి అర్థాలు చెప్పే నిఘంటువు ముందు కూర్చోబెట్టారు మా మామయ్య. అదంతా ఒక్క వానాకాలంలో జరిగింది.

మామయ్య ప్రింటింగ్ ప్రెస్సులో ప్రూఫ్ రీడరు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా అదే గది, అదే కిటికీ, అదే ఎర్ర పెన్ను. ప్రూఫు దిద్దడం ఇద్దరు చేసే పని. రచయిత రాసిచ్చిన కాపీని ఒకరు పైకి చదువుతుంటే, రెండోవారు అచ్చు కాగితం మీద కళ్ళు పెట్టి సరిచూసుకుంటూ పోతారు. ఆయనకి చదివిపెట్టే గుమస్తా ఆ ఏడు ఉద్యోగం మానేశాడు. ఇంకొకర్ని చూస్తానని యజమాని అంటే మామయ్య వద్దన్నారట. సాయంత్రం ఇంటికొచ్చి, నేను గిన్నెలు తోముతుంటే పెరటి గుమ్మంలో నిలబడ్డారు.

"అమ్మాయ్, రేపట్నుంచి నాతో ప్రెస్సుకొస్తావా? చదివిపెట్టాలి."

"తెలుగేనా మామయ్యా?"

"ఇంగ్లీషు. పక్కన కాస్త తెలుగు."

"నా ఇంగ్లీషు సంగతి మీకు తెలుసుగా."

"తెలుసు కాబట్టే అడుగుతున్నా. అర్థమయ్యేవాళ్ళు కాగితం మీద ఉన్నది చదవరు, ఉండాల్సింది చదువుతారు. నీకు అర్థం కాదు. ఉన్నదున్నట్టు చదువుతావు."

అది మెచ్చుకోలో వెక్కిరింతో నాకు తెలియలేదు. లోపలి నుంచి అత్తయ్య, "వెళ్ళవే. ఇంట్లో ఉండి నా మొహం చూస్తే మాత్రం ఏం వస్తుంది," అంది. మర్నాడు మామయ్య గొడుగు కింద నడుచుకుంటూ ప్రెస్సుకి వెళ్ళాను.

నిఘంటువు రాసినాయన కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన లెక్చరరు. ఇరవై ఏళ్ళపాటు, చదివిన ప్రతి పుస్తకంలోంచీ అరుదైన మాటలు ఏరి, ఒక్కో మాటా ఒక్కో అట్టముక్క మీద రాసుకున్నారు. ఒకవైపు ఇంగ్లీషు మాట, రెండోవైపు మన భాషలో అర్థం. పదకొండు బూట్ల పెట్టెల నిండా ఆ ముక్కలే. పోటీ పరీక్షలకి చదివే పిల్లలకి, కాలేజీలు తెరిచేనాటికి పుస్తకం చేతికందాలని ఆయన పట్టుదల.

నేను అట్టముక్క తీసి ఒక్కో అక్షరం పలికేదాన్ని.

"బి, ఓ, ఆర్, బి, ఓ, ఆర్, వై, జి, ఎమ్, యు, ఎస్. బోర్బోరిగ్మస్." ముక్క తిరగేశాను. "ఆకలికి కడుపులో వచ్చే గుడగుడ."

"ఊఁ."

"దీనికి కూడా ఒక మాటా మామయ్యా?"

"కడుపు అందరికీ ఉన్నదేగా. మాటెందుకుండదు? తర్వాతది చదువు."

మొదటి రెండు రోజులూ నాలుక పిడచకట్టుకుపోయింది. మూడో రోజుకి సంగతి అర్థమైంది. ముక్కలు చేసి పలికితే ఎంత కొమ్ములు తిరిగిన మాటైనా ఆ ఇరవై ఆరు అక్షరాల్లోంచి రావాల్సిందే. బళ్ళో నన్ను హడలగొట్టిన ఇంగ్లీషు, మామయ్య బల్ల ముందు చేతులు కట్టుకుని వరసలో నిలబడింది.

సాయంత్రం ఇంటికి వచ్చేటప్పుడు ఆ రోజు మాటల్లో రెండు మూడు వెంటబెట్టుకొచ్చేదాన్ని. మనిషిని కిటికీలోంచి బయటికి విసిరేయడానికి డీఫెనెస్ట్రేషన్ అని ఒక మాట ఉందంటే, అత్తయ్య కూర కలపడం ఆపి, "తలుపుండగా కిటికీ దేనికే?" అని అడిగింది. పెళ్ళాం కొంగు పట్టుకు తిరిగేవాణ్ణి అక్సోరియస్ అంటారని చెప్తే, "ఈ ముక్క కోసం డిక్షనరీ దాకా పోవాలా, మనింట్లోనే ఉన్నాడుగా," అని కొడుకు వంక చూసింది. ఎలక్ట్రిక్ పనులు చేసుకునే మా ఆయన తలెత్తకుండా కంచం ఖాళీ చేశాడు. వారం తిరిగేసరికి అత్తయ్య భోజనాల వేళ, "ఎవరికి బోర్బోరిగ్మసో వాళ్ళు ముందొచ్చి కూర్చోండి," అని కేకేయడం మొదలుపెట్టింది.

మామయ్యకి నచ్చిన మాట మాత్రం వేరు. మమ్‌ప్సిమస్. తప్పని చూపించినా వినకుండా, అలవాటైన తప్పునే పట్టుకు వేలాడేవాడు అని దాని అర్థం. అది చదివినప్పుడు ఆయన పెన్ను కింద పెట్టి మరీ నవ్వారు.

"ఇది రచయితల కోసమే పుట్టిన మాటమ్మా. ఎంతమందిని చూశానో. దిద్దిచ్చినా మళ్ళీ పాతదే రాసుకొస్తారు."

రెండో వారంలో గమనించాను. నేను ఒక మాట దగ్గర ఉంటే, ఆయన పెన్ను దాని కింది మాట మీద ఉండేది.

"పై వరస, మామయ్యా."

"ఆఁ. మబ్బు పట్టింది, వెలుతురు చాలట్లేదు."

మబ్బు పట్టిన మాట నిజమే. కానీ నెత్తిమీద రెండు ట్యూబులైట్లు వెలుగుతున్నాయి. ఆ తర్వాత లెక్కపెడితే, రోజుకి పదిసార్లయినా మబ్బు పేరు వచ్చేది. అత్తయ్యని అడిగితే చేటలో బియ్యం చూస్తూ గొంతు తగ్గించింది.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టు, మబ్బుని తిడుతున్నారు. రెండు కళ్ళలోనూ శుక్లాలని పోయినేడే డాక్టరు చెప్పాడు. వాళ్ళన్నయ్యకి ఆపరేషన్ చేస్తే ఒక కన్ను పోయింది. అందుకని ఈయన ఆసుపత్రి మెట్లు ఎక్కనంటారు. పైగా ఈ సంగతి ప్రెస్సులో తెలిస్తే పెన్ను తీసేసుకుంటారని భయం. ఎవరితోనూ అనకు."

నేను ఎవరితోనూ అనలేదు. కాపీ పైకి చదువుతూనే ఓరకంట ప్రూఫు కూడా చూడటం నేర్చుకున్నాను. తప్పు కనిపిస్తే ఆ మాటని రెండుసార్లు పలికేదాన్ని. ఆయన పెన్ను ఆగి, వెతుక్కుని, అక్కడికి వచ్చేది. నేను చూస్తున్నానని ఆయనకి తెలుసు, ఆయనకి తెలుసని నాకూ తెలుసు. ఇద్దరం ఆ ఊసెత్తకుండా మూడు వారాలు నెట్టుకొచ్చాం.

పక్క గదిలో బైండింగు. ఆడవాళ్ళు ఆరుగురు వరసగా కూర్చుని కొన్ని పేజీలు కలిపి అచ్చేసిన పెద్ద కాగితాలు, అవే ఫారాలు, మడతపెట్టేవాళ్ళు. వాళ్ళ మీద మేస్త్రి ఒకాయన. చేతులకి ఎప్పుడూ జిగురు, నోటికి ఏ అలవాటూ లేదు. టీ కూడా ముట్టడు. పుస్తకాలు కుట్టి అట్టలు వేసే విద్యని ఇంగ్లీషులో బిబ్లియోపెజీ అంటారని నేను చెప్పిన రోజు, ఆ మనిషి మొహం చూడాలి.

"మా పనికి అంత పెద్ద మాటుందా తల్లీ?"

"ఉంది బాబాయ్. పుస్తకంలో వస్తుంది."

అప్పట్నుంచి దారం ఎక్కిస్తూ, సూది గుచ్చుతూ ఆ మాటే వల్లించుకునేవాడు. బి అక్షరం ఫారం అచ్చై వచ్చిన రోజున, మడతపెట్టిన మొదటి కాగితం తనే పట్టుకుని మా గదిలోకి వచ్చాడు. వెనక ఆడవాళ్ళంతా గుమ్మం దగ్గర చేరారు.

"మా మాట ఇందులోనే ఉందంటగా. చదువు తల్లీ, వీళ్ళు కూడా వింటారు."

నేను వెతికి పట్టుకుని గట్టిగా చదివాను. "బిబ్లియోపెజీ. తెగ తాగే అలవాటున్న."

ఆడవాళ్ళు పడీ పడీ నవ్వారు. మేస్త్రి నవ్వలేదు. "నేనేం పాపం చేశానమ్మా," అన్నాడు చిన్నగా.

అట్టముక్క మీద అలా లేదని నాకు బాగా గుర్తు. కింది మాట చూశాను. తాగుబోతుకి వాడే బిబ్యులస్ పక్కన రెండు తలలున్నవాడు అని ఉంది. ఇంకా కిందికి వెళ్ళాను. మా ఇంటి బోర్బోరిగ్మస్ పక్కన పొదలతో గుబురుగా ఉన్న చోటు అని ఉంది. పేజీలో పై నుంచి కింది దాకా ప్రతి మాటా పక్కదాని అర్థం కట్టుకుని నిలబడింది. అట్టడుగున ఉన్న బ్రూమల్ అనే మాటకి కట్టుకోవడానికి ఏమీ మిగలక, దాని పక్కన ఉత్త ఖాళీ ఉంది.

ఏం జరిగిందో తెలుసుకోవడానికి ఎక్కువసేపు పట్టలేదు. కంప్యూటర్ మీద ఏ పేజీకి ఆ పేజీ విడిగా, మాటలు ఒక గడిలో, అర్థాలు పక్క గడిలో కూర్చేవారు. మొదటి ప్రూఫులో ఒక అర్థం రెండుసార్లు పడితే మామయ్య ఒకటి కొట్టేశారు. కంపోజింగ్ అమ్మాయి ఒకటి తీయబోయి రెండు తీసింది. దాంతో కిందివన్నీ ఒక్కో మెట్టు పైకి జరిగాయి. రెండో ప్రూఫులో దిద్దినచోట మాత్రమే చూసుకుంటారు, అది ఒక్కరి పని. మామయ్య నన్ను పిలవకుండా కిటికీ దగ్గర తనే చూసుకునేవారు. ఫైల్లోంచి ఆ కాగితం తీశాను. బాగుందని చెప్పే ఎర్ర సున్నా, అందులో మామయ్య పొట్టి సంతకం. దానికి సరిగ్గా అంగుళం పైన ఆ ఖాళీ.

అక్షరం తప్పు ఎవరి కళ్ళనైనా దాటిపోవచ్చు. అంత ఖాళీ దాటిపోదు.

"చదువమ్మా," అన్నారు మామయ్య. పేజీ మొత్తం చదివాను. 

"చివర?"

"చివర ఖాళీ, మామయ్యా."

"ఖాళీయా." కాగితం అందుకుని కిటికీ దగ్గరికి వెళ్ళారు. మొహానికి దగ్గరగా పెట్టుకున్నారు, దూరంగా పట్టుకున్నారు. బయట వాన కురుస్తూనే ఉంది. ఈసారి మబ్బు పేరు ఎత్తలేదు.

ఇంటికి వెళ్ళేటప్పుడు గొడుగు కింద నేనే కదిపాను. "రేపు యజమానితో రెండో ప్రూఫు నేను చూశానని చెప్తాను మామయ్యా. కొత్తదాన్ని. నాలుగు తిట్టి ఊరుకుంటారు."

ఆయన వీధి మలుపు దాకా వచ్చాక అడిగారు. "ఆ ఎమ్ అక్షరం మాటేంటి అమ్మాయ్? తప్పుని పట్టుకు వేలాడేవాడిది?"

"మమ్‌ప్సిమస్."

"అదే," అన్నారు.

మర్నాడు, పంతొమ్మిది రోజుల తర్వాత, ఎండ కాసింది. యజమాని గది కిటికీలోంచి వెలుతురు బల్ల మీద పరుచుకుని ఉంది. మేము వెళ్ళేసరికి కంపోజింగ్ అమ్మాయి ఒక మూల నిలబడి కళ్ళు తుడుచుకుంటోంది. యజమాని ముందు ఆ ఫారం ఉంది.

"రెండు వేల ఫారాలు మాస్టారూ. ఈ అమ్మాయిని రేపట్నుంచి రావద్దన్నాను."

ముందుకు జరిగాను. "అది కాదండీ. రెండో ప్రూఫు నేనే..."

"నువ్వుండమ్మా." మామయ్య ఎప్పుడూ నాతో అంత గట్టిగా మాట్లాడలేదు. బల్ల దగ్గరికి వెళ్ళి, సంతకం ఉన్న కాగితాన్ని ఎండలోకి జరిపారు. కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు. పేజీ కింద వేలు పెట్టారు.

"ఆ అమ్మాయి చెయ్యి జారింది. జారితే పట్టుకోవడానికే నన్ను పెట్టుకున్నారు. సంతకం నాది. ఇక్కడ ఖాళీ ఉందంటున్నారు. ఇవాళ మబ్బు కూడా లేదు. అయినా నాకు కనపడ్డం లేదండీ."

యజమాని కుర్చీలో వెనక్కి వాలాడు.

"ఎన్నాళ్ళ నుంచి మాస్టారూ?"

"ఏడాది దాటింది."

"నాతో చెప్పొచ్చుగా."

"చెప్తే ఈ పెన్ను ఇచ్చేయమంటారని." జేబులోంచి ఎర్ర పెన్ను తీసి బల్ల మీద పెట్టారు.

యజమాని దాన్ని ముట్టుకోలేదు. కాసేపు కిటికీ వైపు చూసి, కంపోజింగ్ అమ్మాయితో, "వెళ్ళి ఆ పేజీ మళ్ళీ కూర్చు," అన్నాడు. ఆ తర్వాత మామయ్య వైపు తిరిగాడు. "ఫారమంతా మళ్ళీ కొట్టే టైము లేదు. ఆ ఒక్క ఆకూ కోసేసి కొత్తది అతికిద్దాం. దానికి ప్రూఫు ఎవరు చూస్తారు?"

మామయ్య పెన్నుని వేలితో నా వైపు నెట్టారు. "తను చూస్తుంది."

"ఆమెకి ఇంగ్లీషు వచ్చా?"

"రెండుసార్లు తప్పింది. అందుకే ఒక్క అక్షరం కూడా వదలదు."

అంతే జరిగింది. ఎవరూ ఎవర్నీ పొగడలేదు, ఎవరూ ఏడవలేదు, ఆ అమ్మాయి తప్ప. నేను పెన్ను తీసుకున్నాను. క్యాప్ మీద ఆయన పంటిగాట్లు ఉన్నాయి.

కొత్త పేజీ ప్రూఫు మధ్యాహ్నానికి వచ్చింది. నేను మామయ్య కుర్చీలో కూర్చున్నాను. ఆయన నా కుర్చీలో కూర్చున్నారు. అట్టముక్కలు ఎవరు చదువుతారని నేను చూస్తుంటే ఆయన వాటిని పక్కకి జరిపేశారు.

"ఈ పేజీకి కాపీ అక్కర్లేదు. నిన్నట్నుంచి ఇదే తిరుగుతోంది బుర్రలో. నువ్వు కాగితం మీద చూపు పెట్టు."

కళ్ళు మూసుకుని మొదలుపెట్టారు. బి, ఐ, బి, ఎల్, ఐ, ఓ. ఒక్కో అక్షరం, ఒక్కో అర్థం, ముప్ఫై నాలుగు మాటలూ వరస తప్పకుండా అప్పజెప్పారు. నెలరోజులు నేను చదువుతుంటే ఆయన చెవులు ఊరికే కూర్చోలేదని అప్పుడు తెలిసింది. వెనక పేజీ మాత్రం కంపోజింగ్ అమ్మాయి అట్టముక్కలు పెట్టి చదివింది. రెండు వైపులా చూశాను. మళ్ళీ పై నుంచి చూశాను. మూడోసారి కింది నుంచి పైకి చూశాను. ఎర్ర సున్నా చుట్టి అందులో సంతకం పెట్టాను. నా పెళ్ళి రిజిస్టర్లో పెట్టిన సంతకం దీనికంటే తిన్నగా ఉంటుంది.

ఆ తర్వాత వారం రోజులు మా ఇల్లంతా బైండింగు గదిలోనే. రెండు వేల పుస్తకాల్లో ఒక్కో తప్పు ఆకునీ, లోపలి అంచున వేలి వెడల్పు వదిలి కోసేయాలి. ఆ అంచుకి సన్నగా జిగురు రాసి కొత్త ఆకు అతికించాలి. ఎండ ఒక్క రోజుతో సరిపెట్టుకుని వాన మళ్ళీ పట్టుకుంది. తేమకి జిగురు ఆరదు. మా ఆయన ఎక్కడెక్కడి పాత ఫ్యాన్లో తెచ్చి బాగుచేసి గది నాలుగు మూలలా బిగించాడు. అత్తయ్య మైదా జిగురు ఉడకబెట్టే బాధ్యత తీసుకుని, "ఇంట్లో నా వంటకి వంకలు పెట్టే మనుషులు ఇక్కడ నోరు మెదపట్లేదే," అంది. మామయ్య అతికిన ప్రతి ఆకునీ బొటనవేలితో తడిమి చూసేవారు. ఎక్కడ లేచినా ఆయన వేలికి దొరికిపోయేది. మేస్త్రి తన మాట ఉన్న ఆకు తనే అతికిస్తానని పట్టుబట్టాడు. రెండు వేలూ ఒక్కడి వల్ల కాదని మూడో రోజు ఒప్పుకున్నాడు.

కాలేజీలు తెరవడానికి నాలుగు రోజుల ముందు పుస్తకాలు వెళ్ళిపోయాయి. లెక్చరరు గారికి జరిగినదంతా మామయ్యే వెళ్ళి చెప్పారు. ఆయన పుస్తకం తెరిచి ఆ ఆకు వెతుక్కుని, "ఇది మిగతావాటికంటే గట్టిగా ఉంది," అన్నారట.

కంటి ఆపరేషన్‌కి మామయ్య తనంతట తనే పేరు రాయించుకున్నారు. యజమాని బల్ల దగ్గర అందరి ముందూ చెప్పేశాక ఇక దాచడానికేం మిగల్లేదు, భయం కూడా సగం అక్కడే పోయిందన్నారు. వానలు తగ్గుముఖం పట్టాక ముందు కుడి కన్ను చేశారు. కట్టు విప్పిన మూడో రోజు పొద్దున, కిటికీ దగ్గర కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. అత్తయ్య పేపరు తెచ్చిచ్చింది.

"అది కాదు. పుస్తకం ఇవ్వు. పెన్ను కూడా."

పెన్ను నా దగ్గరే ఉంది. తెచ్చిచ్చి పక్కన నిలబడ్డాను. ఆయన పుస్తకం వెన్ను ఒడిలో ఆనించి, చూడకుండానే ఆకులు విప్పుతూ లోపలి అంచుల మీద బొటనవేలు జరుపుతూ పోయారు. ఒకచోట వేలు ఆగింది. అక్కడ తెరిచారు.

ఒంటికన్నుతో చదవడం మొదలుపెట్టారు. పెన్ను మొన ఒక్కో మాట మీదుగా కదులుతోంది. నేను పదో తరగతి ఫలితాల కోసం బోర్డు ముందు నిలబడిన రోజు కూడా అంత భయపడలేదు. ఆయన పేజీ అడుగుకి వచ్చి, బ్రూమల్ పక్కన ఉన్న అర్థం దగ్గర చాలాసేపు ఆగారు. ఆకు తిప్పి వెనక వైపు కూడా అంతే నెమ్మదిగా చదివారు. బయట మబ్బు కమ్ముకొచ్చింది. గదిలో వెలుతురు తగ్గింది. అత్తయ్య లేచి లైటు వేయబోతే చేత్తోనే ఆపారు.

నాకు ఇంగ్లీషు వచ్చిందంటే ఆయన వల్లే. ఇప్పుడు ఆ గదిలో, ఆ కిటికీ పక్కన, ఆ కుర్చీలో కూర్చుని ఇతరుల తప్పులు దిద్దుతున్నానంటే, ఒకరోజు ఎండలో ఆయన తన తప్పు తనే చూపించుకోవడం వల్ల. ఆ రుణం తీర్చడానికి నా దగ్గర ఆ ఒక్క ఆకే ఉంది.

మామయ్య పెన్ను క్యాప్ పెట్టి నా చేతికిచ్చారు.

"ఏమీ దొరకలేదమ్మాయ్," అన్నారు.